ముగింపు చూడని దత్తాత్రేయులు గారు

ఏలూరికి వచ్చిన ప్రతి టాకీనీ దత్తాత్రేయులు గారు చూశారు. ఒక్కదాన్ని కూడా పూర్తిగా చూడలేదు.

మధ్యలో నిద్రపోయేవారని కాదు. రెప్ప వేయకుండా చూసేవారు. నాయిక ఏడిస్తే కండువా అంచు నోట్లో కుక్కుకునేవారు. దుర్మార్గుడు తెర మీదికి రాగానే గొడుగు కర్ర బిగించి పట్టుకునేవారు. ఇంతా చేసి, ఆఖరి రీలు ఎక్కించడానికి బొమ్మ ఆగి హాలంతా చీకటి పడగానే లేచి, వరసలో ఉన్నవాళ్లందరి కాళ్లూ తొక్కుకుంటూ, "క్షమించండి, క్షమించండి" అంటూ బయటికి పోయేవారు. తెర మీద ఎవరు ఎవర్ని క్షమించారో ఆయనకు తెలియదు గాని, హాల్లో ఆయన్ని మాత్రం అందరూ క్షమించేవారు. ఒక్క వేంకటాచలం తప్ప.

వేంకటాచలం బళ్లో తెలుగు చెప్పే పంతులు. ముప్ఫై ఇంకా నిండలేదు. అలంకారశాస్త్రం చదువుకున్నాడు. టాకీలు వచ్చింది మొదలు ఆ శాస్త్రాన్నంతా వాటి మీద ప్రయోగిస్తున్నాడు. కాలువ వంతెన పక్క కాఫీ హోటలు ముందు ఒక బల్ల ఉండేది. ఆదివారం పొద్దున్నే అక్కడ కూర్చుని, ఏ పాత్ర ఎందుకు గొప్పదో, ఏ పాత్ర ఎక్కడ దారి తప్పిందో అతను తేల్చి చెప్పేవాడు. వినేవాళ్లు కాఫీ చల్లారేదాకా వినేవారు. తన విమర్శ మీద తనకున్నంత గౌరవం ఊళ్లో ఇంకెవరికీ లేదని అతనికి అప్పటికింకా తెలియదు.

అతనికి కుడిభుజం బుచ్చిబాబు. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో ఉద్యోగం, శనివారం సాయంత్రం రైలు దిగి సోమవారం పొద్దున్న ఎక్కేవాడు. వేంకటాచలం ఏది చెప్పినా "భేషండీ" అనడం అతని పని.

ఈ బల్ల దగ్గరికి దత్తాత్రేయులు గారు వచ్చి, గొడుగు చంకలో పెట్టుకుని, ఎంతో వినయంగా అడిగేవారు.

"మాస్టారూ, ఆఖరికి ఏమైందండీ?"

"ఉండి చూడొచ్చు కదండీ?"

"పనుండి వెళ్లానండీ. ఏమైందండీ?"

ఆయన కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా. తీర్పు చెప్పడం జడ్జీగారి పని గనక ముగింపు ముందే లేచిపోతున్నాడని ప్లీడర్లు నవ్వుకునేవారు. జాతకంలో ఏదో గండం ఉందని మరికొందరు. చుట్ట కాల్చుకోవడానికని ఇంకొందరు. ఆయనకు చుట్ట అలవాటే లేదు.

వేంకటాచలం చేతులు తిప్పుతూ ముగింపు మొత్తం చెప్పేవాడు. దత్తాత్రేయులు గారు చెవులు రిక్కించి విని, ఏదో ఒక పనికిమాలిన ప్రశ్న వేసేవారు.

"ఆ పిల్ల ఆ మాట అన్నప్పుడు ఏ చీర కట్టుకుందండీ?"

"చీరేమిటండీ! నేను రసం గురించి చెబుతున్నాను."

"అవుననుకోండి. పట్టుచీరా, నేతచీరా?"

వేంకటాచలానికి తెలిసేది కాదు. ఆయన నిరాశగా తల ఊపి వెళ్లిపోయేవారు. అక్కడితో అయిపోయేదా? మర్నాడు కోర్టుకు పోతూ మళ్లీ ఆగేవారు.

"మాస్టారూ, అలా జరగడానికి వీల్లేదండీ."

"నేను కళ్లారా చూశానండీ! నాయిక నూతిలో దూకింది."

"మీరు చూసే ఉంటారండీ. కాని జరగడానికి వీల్లేదు. పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాయని మీరే అన్నారు. ఆడమనిషి ముందు పాలు దించుతుందండీ. దించాక పిల్లాడికి పోస్తుంది. పోశాక ఇక దూకాలనిపించదు."

బల్ల మీద ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. అలంకారశాస్త్రంలో పాలు దించడం గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. వేంకటాచలం ఆ పూట బళ్లో పిల్లలకు పద్యం బదులు దండకం చదివాడు.

భార్య పోయి చాలాకాలమైన మనిషికి వంటింటి మర్మాలు ఇన్ని ఎలా తెలుసో అంతుపట్టేది కాదు. ఇంట్లో ఉన్నది ఆయనా, ఆయన్ని పెంచిన మేనత్త రాజేశ్వరమ్మ గారూను. చిన్నతనంలోనే భర్త పోయి, జుట్టు తీయించుకుని, మడీ ఆచారాల మధ్య బతుకు గడుపుతున్న మనిషి. ఆ ఇంటి తద్దినాలకు పురోహితుడు వేంకటాచలం తండ్రే. ఆయన కొడుకును తిట్టవలసి వచ్చినప్పుడల్లా ఆవిడ పేరే ఎత్తేవారు.

"టాకీలని తిరుగుతావు. రాజేశ్వరమ్మ గారిని చూసి నేర్చుకోరా! గడప దాటగా చూసినవాళ్లున్నారా?"

ముగింపు తెలుసుకోవడం కోసం దత్తాత్రేయులు గారు ఎంతకైనా తెగించేవారు. ఒకసారి ఒక టాకీ ఆఖరి ఆట నాడు వేంకటాచలానికి జ్వరం. బుచ్చిబాబు రాలేదు. పొద్దున్నే ఫిల్ము పెట్టెలు రైలెక్కి వెళ్లిపోయాయి. ఇక అడగడానికి దిక్కులేదు. నేల మీద కూర్చుని చూసినవాళ్లలో కొల్లేటి లంక నుంచి వచ్చిన పోతురాజు కుటుంబం ఉందని ఆయనకు గుర్తొచ్చింది. అంతే, ఆదివారం జట్కా కట్టించుకుని కొల్లేటి ఒడ్డుకు పోయి, అక్కడినుంచి తాటిదోనె ఎక్కారు. పుట్టి బుద్ధెరిగాక దోనె ఎక్కని మనిషి. నిలబడకండి బాబూ అని దోనె నడిపేవాడు మొత్తుకుంటూనే ఉన్నాడు. లంక కనపడగానే ఈయన లేచి, "పోతురాజూ, ఆఖరికి ఏమైందయ్యా?" అని కేకేశారు. దోనె ఒరిగింది.

నడుముల్లోతు నీళ్లలోంచి పోతురాజు లేవనెత్తి, పొడిబట్ట ఇచ్చి కూర్చోబెట్టాక మళ్లీ అడిగారు.

"ఆఖర్న బాగా ఏడిశారండీ" అన్నాడు పోతురాజు.

"ఎవరయ్యా? రాజా, రాణీయా?"

"మేమేనండీ. మా ఆడది మరీనండీ. ఏడుపులో ఏటి జరిగిందో సరిగ్గా సూళ్లేదండీ."

తడిసిన పంచె చేత్తో పట్టుకుని ఆయన ఇంటికి తిరిగి వచ్చిన కథ ఊరంతా చెప్పుకుని నవ్వింది. అందరికంటె ఎక్కువసార్లు చెప్పింది వేంకటాచలం.

ఇలా ఉండగా 'మందారిక' అనే టాకీ వచ్చింది. మందారిక కుమ్మరింటి పిల్ల. జయకేతు అనే రాజు మోజుపడి పెళ్లాడి, ఎవరో చెప్పిన చాడీ నమ్మి అడవికి వెళ్లగొడతాడు. ఆమె అక్కడే గుడిసె వేసుకుని కుండలు చేసుకు బతుకుతుంది. చివరికి రాజు తన తప్పు తెలుసుకుని ఆ గుడిసె ముందుకు వచ్చి నిలబడతాడు. సరిగ్గా అక్కడ రీలు ఆగుతుంది.

తర్వాతి రీల్లో మందారిక క్షమిస్తుంది. వేంకటాచలం ఆనందానికి మేర లేదు. రెండుసార్లు చూశాడు. క్షమాగుణం మీద బల్ల దగ్గర అరపూట మాట్లాడాడు. ఆ వారం మిల్లుకు సెలవు గనక ఊళ్లోనే ఉన్న బుచ్చిబాబు "భేషండీ" అని అలిసిపోయాడు.

దత్తాత్రేయులు గారు అంతా విని వెళ్లి, మర్నాడు వచ్చారు.

"మాస్టారూ, రాజు వచ్చేసరికి ఆ పిల్ల సారె మీద కుండ చేస్తోంది కదండీ?"

"అవును."

"మట్టి చేతులతోనే లేచిందా, కుండ పూర్తిచేసి, చేతులు కడుక్కుని లేచిందా?"

వేంకటాచలం కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"మట్టి చేతులతో లేస్తే ప్రేమండీ. చేతులు కడుక్కుని లేస్తే క్షమ. రెండూ ఒకటి కావు కదండీ?"

"మాస్టారూ, మీరింకోసారి చూసి రావాలి!" అన్నారెవరో. బల్ల అంతా నవ్వింది. బుచ్చిబాబు కూడా అలవాటు చొప్పున "భేషండీ" అనేసి, నాలిక కరుచుకున్నాడు.

వేంకటాచలానికి ఒళ్లు మండింది. "చూడని మనిషికి మాట్లాడే హక్కు లేదండీ! దమ్ముంటే ఇవాళ ఆట పూర్తయ్యేదాకా కుర్చీలో కూర్చోండి!"

దత్తాత్రేయులు గారి మొహం పాలిపోయింది. "అదొక్కటీ అడక్కండి మాస్టారూ" అని గబగబా వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఆయన మళ్లీ ఆటకు వస్తే, చెరోపక్కా కూర్చున్నారు వేంకటాచలం, బుచ్చిబాబు. ఆఖరి రీలు కోసం బొమ్మ ఆగింది. చీకట్లో ఆయన లేచారు. ఇతను గొడుగు పట్టుకున్నాడు, అతను కోటు పట్టుకున్నాడు.

"ఒదలండి మాస్టారూ, మీకు పుణ్యం ఉంటుంది."

"కూర్చోండి. మందారిక చేతులు చూద్దురుగాని."

"బుచ్చిబాబూ, చిన్నవాడివి, ఒదిలెయ్యి నాయనా!"

మందారిక తెర మీదికి వచ్చేసరికి బుచ్చిబాబు చేతిలో కోటు ఉంది. కోటులో దత్తాత్రేయులు గారు లేరు. వేంకటాచలం కోటు లాక్కుని ఆయన వెంట పరిగెత్తాడు. ముగింపు చూడకుండా హాలు దాటడం అతనికి అదే మొదలు.

హాలు వెనక సందులో ఆడవాళ్ల గుమ్మం ఉంది. దీపస్తంభం కింద చొక్కాతో దత్తాత్రేయులు గారు నిలబడ్డారు. ఆడవాళ్ల వైపు గుమ్మం చూసుకునే దుర్గమ్మ లోపలినుంచి ఒక ముసలావిడను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. తెల్లచీర, తల మీద ముసుగు. వేంకటాచలం ఒక జట్కా వెనక నక్కాడు.

"ఇంతసేపేమిట్రా దత్తుడూ? ఇంకాసేపైతే దీపాలు వేసేవారు, నా మొహం ఊరంతా చూసేది."

"పట్టుకున్నారత్తయ్యా. ఆ పంతులు గారూ, బుచ్చిబాబూను."

"ఏ పంతులు? క్షమించాలి, క్షమించాలి అనేవాడేనా? పెళ్లయిందా వాడికి?"

"అయిందత్తయ్యా."

"అయితే ఇంట్లో రోజూ ఆ అవసరం పడుతూనే ఉంటుంది. అందుకే అంత పట్టు."

జట్కా వెనక వేంకటాచలం చెవులు వేడెక్కాయి. పాలు దించడం, చీరలు, మట్టి చేతులు, ఇన్నాళ్లూ బల్ల దగ్గర తనను ఓడించినవన్నీ ఎక్కడినుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది. తను వాదిస్తున్నది ఒక నకళ్ల గుమాస్తాతో అనుకున్నాడు. నిజానికి ఆయన అక్కడా నకలే తెస్తున్నారు.

జట్కాలో గడ్డి ముక్కులోకి పోయి పెద్దగా తుమ్మాడు. దాక్కునే దారి లేదు. కోటు చాపుతూ ముందుకొచ్చాడు.

"మీ కోటండీ."

రాజేశ్వరమ్మ గారు ముసుగు లాక్కుని గోడవైపు తిరిగిపోయారు. దత్తాత్రేయులు గారు రెండు చేతులూ జోడించారు.

"మాస్టారూ, మీ నాన్నగారికి మాత్రం తెలియనివ్వకండి. తెలిస్తే మా ఇంట తద్దినానికి ఎవరూ రారు. అత్తయ్యను పెరటి గోడ మీంచి పలకరించే మనిషి కూడా ఉండదు. తప్పు నాదండీ. ఒకనాడు టాకీ చూసొచ్చి కథ చెప్పాను. నేను చెప్పలేనివన్నీ అడిగారు. ఇక నా వల్లకాక తీసుకొచ్చాను. దీపాలు ఆర్పాక దుర్గమ్మ లోపల కూర్చోబెడుతుంది, ఇంటర్వెల్లో పక్క గదిలోకి తీసుకుపోతుంది. ఆఖర్న మాత్రం గుమ్మం దగ్గర అందరూ ఒక్కసారే వస్తారు కదండీ, దాచడం కుదరదు."

"మరి మీరొక్కరూ ఇంకోరోజు వచ్చి ముగింపు చూడొచ్చు కదండీ?"

ఆయన తెల్లబోయారు. "అత్తయ్య చూడనిది నేనెలా చూస్తానండీ?"

వేంకటాచలం కోటు ఆయన భుజం మీద వేశాడు.

"నాన్నగారికేం చెబుతానండీ? ఈ పూట నేనూ ముగింపు చూడలేదు" అన్నాడు.

గోడవైపు నుంచి చిన్న నవ్వు వినిపించింది.

ఆ నవ్వుతో అతనిలో పౌరుషం లేచింది. ఆవిడకు ముగింపు చూపించి తీరాలనుకున్నాడు. ఒక పథకం ఆలోచించాడు. ఆట పూర్తయ్యే సమయానికి తనూ బుచ్చిబాబూ పెద్దవీధిలో దెబ్బలాడుకుంటున్నట్టు నటిస్తారు. జనమంతా అటు చూస్తారు. వెనక సందులోంచి దుర్గమ్మ ఆవిడను నెమ్మదిగా దాటిస్తుంది. ఇంత తేలికైన ఉపాయం ఎవరికీ తోచనందుకు తన బుద్ధిని తనే మెచ్చుకున్నాడు.

చివరి ఆట నాడు దత్తాత్రేయులు గారు మొదటిసారి కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. బయట నటన మొదలైంది.

"మందారిక చేసింది తప్పు!" అన్నాడు బుచ్చిబాబు గొణుగుతున్నట్టు.

"గట్టిగా అనవయ్యా."

"మందారిక తప్పు చేసింది!"

"మందారికను ఒక్క మాటంటే ఊరుకోను!" అని వేంకటాచలం గొడుగు ఎత్తాడు. అది బుచ్చిబాబు నుదుటికి నిజంగానే తగిలింది. బుచ్చిబాబుకు నిజంగానే కోపం వచ్చింది. ఎన్నాళ్లుగా "భేషండీ" అంటున్నాడో, ఆ బాకీ అంతా తీర్చుకున్నాడు. కేకలు హాల్లోకి వినిపించాయి. ఏం మునిగిందోనని ఆపరేటరు బొమ్మ ఆపి దీపాలు వేశాడు. మందారిక సారె ముందు కూర్చుని ఉండగానే హాలు హాలంతా, ఆడా మగా, వీధిలోకి వచ్చి పడింది. లోపల మిగిలింది దుర్గమ్మ, ఆమె వెనక ముసుగులో రాజేశ్వరమ్మ గారు. ముగింపు ఆ రోజు ఊళ్లో ఎవరూ చూడలేదు.

మర్నాటికి కథ మారిపోయింది. పంతులు గారూ, రైసుమిల్లు గుమాస్తా మందారిక అనే మనిషి కోసం బజార్లో కొట్టుకున్నారట. హెడ్మాస్టరు పిలిచి, "ఎవరయ్యా ఆవిడ?" అని నెమ్మదిగా అడిగారు. తండ్రి మాట్లాడడం మానేశారు. భార్య హైమావతి మాత్రం అన్నం వడ్డించి, గరిటె పక్కన పెట్టి, నిలబడి అడిగింది.

"మందారిక ఎవరండీ?"

"టాకీలో మనిషే."

"అలాంటివాళ్లతో స్నేహమా!"

"అయ్యో, తెరమీది బొమ్మే! నమ్ము."

"నాకేం తెలుస్తుందండీ? నన్నెప్పుడైనా తీసుకెళ్లారా?"

స్త్రీపాత్రల మనసు గురించి రెండేళ్లుగా ఊరికి చెబుతున్నవాడు ఇంట్లో స్త్రీకి ఒక్క టాకీ చూపించలేదు. క్షమాపణ చెప్పుకున్నాడు. తర్వాత జరిగిందంతా చెప్పాడు. దాస్తానని మాటిచ్చిన రాజేశ్వరమ్మ గారి సంగతి కూడా చెప్పేశాడు. హైమావతి మొదట నోరు నొక్కుకుని నవ్వింది. తర్వాత అడిగింది.

"ఇప్పుడా బొమ్మ ఎక్కడాడుతోందండీ?"

"తాడేపల్లిగూడెం వెళ్లింది. అక్కడ ఆదివారం మధ్యాహ్నం ఆట కూడా ఉందట."

"ఆవిడనక్కడికి తీసుకెళ్తే సరిపోయేది కదండీ? ఆ ఊళ్లో ఆవిడను ఎవరెరుగుదురు? మీరు బజార్లో పడి కొట్టుకోవడమెందుకు?"

వేంకటాచలం మజ్జిగన్నం గబగబా ముగించి బయల్దేరాడు. ఈ మాట దత్తాత్రేయులు గారికి చేరవేస్తే, ఆయన "మనిద్దరం చదువుకున్నామండీ మాస్టారూ, ఏమిటో!" అన్నారు.

ఆదివారం పొద్దున్న నలుగురూ ప్యాసింజరెక్కారు. అడిగినవాళ్లకు బుచ్చిబాబు అక్కడ ఉంటున్న ఇంట్లో వ్రతమని చెప్పారు. భీమడోలు దాటేదాకా రాజేశ్వరమ్మ గారు ముసుగు తీయలేదు. ఆ తర్వాత కిటికీ దగ్గరికి జరిగి, చేలు చూస్తూ కూర్చున్నారు. ఆ వారం ఏలూరు రాని బుచ్చిబాబు నుదుటి మీద పట్టీతో తాడేపల్లిగూడెం స్టేషనుకు వచ్చాడు. వేంకటాచలం క్షమించమన్నాడు. "మీరు నిజంగా కొట్టారండీ" అన్నాడు అతను. అయినా నవ్వి, సంచీ అందుకున్నాడు.

ఆఖరి రీలుకు ముందు చీకటి పడింది. అలవాటున దత్తాత్రేయులు గారు సగం లేచి, మళ్లీ కూర్చున్నారు. మందారిక మట్టి చేతులతోనే లేచింది. ఆ బొమ్మ అంతకు ముందు రెండుసార్లు చూసిన వేంకటాచలానికి ఆ చేతులు ఇప్పుడే కనపడ్డాయి. పక్కన దత్తాత్రేయులు గారు తెర కేసి కాదు, ఆడవాళ్ల వైపు చూస్తున్నారు.

దీపాలు వెలిగాయి. జనం లేచారు. మగవాళ్లు ముగ్గురూ ఆడవాళ్ల గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అందరూ బయటికి వస్తున్నారు, వీళ్లిద్దరూ రారే! దత్తాత్రేయులు గారు గుమ్మంలోంచి తొంగిచూసి, "అత్తయ్యా, అయిపోయింది, పద" అన్నారు.

"తెలుసులేరా. ఉండు. వెలుతురులో హాలెలా ఉంటుందో ఎప్పుడైనా చూశానా?"

ఆవిడ తలెత్తి పైకప్పూ, బల్లలూ, తెల్లటి ఖాళీ తెరా నింపాదిగా చూస్తున్నారు. ముసుగు భుజం మీదికి జారింది. సర్దుకోలేదు. ముందు బల్ల మీద పిల్లను నిద్రలేపుకుంటున్న ఒక ఇల్లాలు వెనక్కి తిరిగి, మర్యాదగా అడిగింది.

"ఏ ఊరండీ మామ్మగారూ మీది?"

"ఏలూరమ్మా. టాకీ చూడ్డానికి వచ్చాం."

ఆ మాట ఆవిడ ఎంత గట్టిగా అన్నారంటే గుమ్మం దగ్గరున్న ముగ్గురికీ వినపడింది. దత్తాత్రేయులు గారు కండువా అంచు నోట్లో కుక్కుకున్నారు.

"బాగుందాండీ?"

"బాగుంది గాని, అలా గబుక్కున లేచి వెళ్లొచ్చుటమ్మా ఆ పిల్ల? కాసేపు నిలబడనివ్వాలా వద్దా ఆ రాజుని?"

"నేనూ అదే అంటానండీ!" అని ఆ ఇల్లాలు పిల్లను మళ్లీ ఒళ్లో పడుకోబెట్టుకుని, ఇటు తిరిగి కూర్చుంది.

"నిలబడితే పాపం కాళ్లు నొప్పెట్టవాండీ, అడవంతా నడిచొచ్చినవాడు!" అంది హైమావతి. భార్యకు ఇన్ని అభిప్రాయాలున్నాయని వేంకటాచలానికి తెలియదు.

"నడవనీ! ఆ పిల్ల నడవలేదూ?"

బుచ్చిబాబు గడియారం చూసి, బండికి వేళైందన్నాడు. వేంకటాచలం కాస్త దగ్గాడు. లోపల ఎవరూ వినిపించుకోలేదు. అతను గుమ్మం పక్కనే అరుగు మీద గుడ్డ పరిచి, దత్తాత్రేయులు గారిని కూర్చోమన్నాడు.

"తర్వాతి బండి ఎప్పుడయ్యా?" అని బుచ్చిబాబుని అడిగాడు.